సస్టైనబుల్ ఇంటీరియర్ డిజైన్‌లో మాస్టర్స్: దరఖాస్తు ఎలా సిద్ధం చేసుకోవాలి

"ఈ నేల వెదురుదని రాశారు కదా, ఆ వెదురు పట్టీలను ఏ జిగురుతో అతికించారు?"

మాస్టర్స్ ఇంటర్వ్యూలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. నా పోర్ట్‌ఫోలియోలో వెదురు నేల ఉంది, గోడ నిండా మొక్కలున్నాయి, దాదాపు ప్రతి పేజీలోనూ 'పర్యావరణ హితం' అన్న మాట ఉంది. జిగురు గురించి మాత్రం నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. వెదురు త్వరగా పెరుగుతుంది, నిజమే. కానీ దాన్ని పట్టీలుగా చీల్చి, జిగురు పట్టించి, ఒత్తితేనే నేల పలక తయారవుతుంది. ఆ జిగురు యూరియా ఫార్మాల్డిహైడ్ రకమైతే ఆ ఆవిరి నెమ్మదిగా గదిలోకి వస్తూనే ఉంటుంది, అక్కడ ఉండేవాళ్లు పీలుస్తూనే ఉంటారు. నా దగ్గర జవాబు లేదు. ఆ ఏడాది సీటు రాలేదు. మరుసటి ఏడాది అదే ప్రాజెక్టును లెక్కలతో సహా మళ్లీ చేసి పంపితే వచ్చింది.

అందుకే మీకు చెప్పేది ఇదే: ఈ దరఖాస్తులో మిగతావన్నీ పద్ధతి ప్రకారం చేసేయొచ్చు. మీ పాత ప్రాజెక్టుల్లో ఒక్కదాన్నైనా లెక్కకట్టి చూపడానికి మాత్రం టైమ్ పెట్టండి. ఎలా చేయాలో కింద వివరంగా రాశాను. దానికి ముందు రెండు మూడు విషయాలు తేల్చుకోవాలి.

కోర్సు ఎవరికోసం పెట్టారో చూడండి

కోర్సు పేరులో 'సస్టైనబుల్' అని ఉందా లేదా అన్నది తర్వాతి సంగతి. ఈ మాస్టర్స్ కోర్సుల్లో ప్రధానంగా రెండు రకాలున్నాయి. ఒకటి, డిగ్రీలో వేరే సబ్జెక్టు చదివినవాళ్లను మొదటినుంచి డిజైనర్లుగా తయారుచేసేది. దీనికి తరచుగా మూడేళ్ల దాకా పడుతుంది. రెండోది, ఇంటీరియర్ డిజైన్ గానీ ఆర్కిటెక్చర్ గానీ ఇప్పటికే చదివినవాళ్లు ఒక విషయంలో లోతుగా వెళ్లడానికి పెట్టింది. ఇది ఏడాదిలోనో రెండేళ్లలోనో పూర్తవుతుంది. 1916లో మొదలైన న్యూయార్క్ స్కూల్ ఆఫ్ ఇంటీరియర్ డిజైన్ సస్టైనబుల్ ఇంటీరియర్ ఎన్విరాన్‌మెంట్స్‌లో మాస్టర్ ఆఫ్ ప్రొఫెషనల్ స్టడీస్ రూపొందించింది. అది ఈ రెండో రకానికి ఉదాహరణ. డిజైన్ నేపథ్యం లేకుండా రెండో రకానికి అప్లై చేస్తే చాలాచోట్ల అర్హత దగ్గరే ఆగిపోతారు. అందుకే ముందు అర్హతలు రాసిన ఆ ఒక్క పేజీ చదవండి.

మీరు అమెరికాలోనో కెనడాలోనో ప్రాక్టీసు చేయాలనుకుంటే ఇంకో విషయం. అక్కడ ఇంటీరియర్ డిజైన్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ పేరు సీఐడీఏ. వృత్తిలో అర్హతకు రాసే పరీక్ష ఎన్‌సీఐడీక్యూ. దానికి చదువూ కావాలి, పని అనుభవమూ కావాలి. సీఐడీఏ గుర్తింపు ఇచ్చేది వృత్తిలోకి మొదటిసారి వచ్చేవాళ్ల కోర్సులకు. కాబట్టి ఏడాది పైచదువుకు ఆ గుర్తింపు లేకపోతే అది లోపమని అనుకోకండి. అయితే డిజైన్ డిగ్రీ లేకుండా ఆ ఏడాది కోర్సు ఒక్కటే చేస్తే, పరీక్షకు కావలసిన క్రెడిట్లు సరిపోకపోవచ్చు. చేరాక తెలిస్తే చాలా బాధపడాల్సిన విషయం ఇది. ముందే అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు 'సస్టైనబుల్' అన్న మాట దగ్గరికి వద్దాం. బ్రోషర్ పక్కన పెట్టి సబ్జెక్టుల జాబితా తెరవండి. లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ ఉందా? అంటే ఒక వస్తువు పర్యావరణం మీద మోపే భారాన్ని ముడిసరుకు తవ్వినప్పటినుంచి పారేసేదాకా లెక్కకట్టడం. గదిలోని గాలి నాణ్యత, పగటి వెలుతురు, ఉష్ణ సౌకర్యం, మెటీరియల్స్‌లోని రసాయనాలు, పాత భవనాల పునర్వినియోగం, వీటిలో ఎన్ని తప్పనిసరి సబ్జెక్టులు, ఎన్ని ఆప్షనల్? నాలుగు సెమిస్టర్లలో ఒకే ఒక్క ఎలక్టివ్ ఉంటే అది మామూలు ఇంటీరియర్ కోర్సే. మంచి కోర్సే కావచ్చు, మీకు కావలసింది మాత్రం అది కాదు. తర్వాత అక్కడి విద్యార్థుల ఫైనల్ ప్రాజెక్టులు రెండు మూడు చూడండి. బొమ్మలు అందంగా ఉండటం కాకుండా, ఒక్క పేజీలోనైనా కొలత, పోలిక, సెక్షన్ డ్రాయింగ్ కనిపిస్తే ఆ స్కూల్ ఏం నేర్పుతోందో అర్థమవుతుంది.

ఇలా వడపోశాక నాలుగైదు స్కూళ్లు మిగిలితే చాలు. పదింటికి ఒకే దరఖాస్తు పంపడం కన్నా నాలుగింటికి విడివిడిగా రాయడం మేలు.

మీ ప్రశ్న ఒకటి ఎంచుకోండి

'పర్యావరణం కోసం ఏదైనా చేయాలని ఉంది' అంటే దరఖాస్తులు చూసే అడ్మిషన్ కమిటీకి మీ గురించి ఏమీ తెలియదు. ఈ రంగం లోపల చాలా దారులున్నాయి. కొంతమంది మెటీరియల్స్ ఆరోగ్యం మీద పనిచేస్తారు: జిగురుల్లోని ఫార్మాల్డిహైడ్, రంగుల్లోంచి ఆవిరై గాలిలో కలిసే వీఓసీలనే రసాయనాలు, సోఫాల్లో మంట అంటుకోకుండా కలిపే రసాయనాలు, మరకలు పట్టకుండా బట్టకు పూసే పీఫాస్. కొంతమంది కార్బన్ లెక్కలు చూస్తారు. ఇంకొందరికి ఫర్నిచర్‌ను విప్పి మళ్లీ వాడుకునేలా తయారుచేయడం మీద ఆసక్తి. పాత భవనాల లోపలి భాగాలను కూల్చకుండా కొత్త పనికి మలచడం మరో దారి. వెలుతురు, శబ్దం, గాలి మనుషుల మీద చూపే ప్రభావం ఇంకొకటి.

వీటిలో ఒకటి ఎంచుకుని ప్రశ్నగా మార్చండి. 'ఆఫీసు లీజు ముగిసిన ప్రతిసారీ పార్టిషన్లన్నీ పడగొట్టి చెత్తకు పంపకుండా ఎలా కట్టొచ్చు?' ఇది ప్రశ్న. చేరాక మార్చుకున్నా ఎవరూ ఏమీ అనరు. కానీ దరఖాస్తులోని ప్రతి ముక్కా, అంటే పోర్ట్‌ఫోలియో, స్టేట్‌మెంట్, రికమెండేషన్ లెటర్లు, ఈ ప్రశ్న చుట్టూ తిరిగితే మీ ఫైలు గుర్తుండిపోతుంది.

క్యాలెండర్

ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలయ్యే కోర్సులకు చాలా స్కూళ్లు అంతకు ముందు డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య గడువు పెడతాయి. కొన్నింటిలో స్కాలర్‌షిప్ గడువు ఇంకా ముందే ఉంటుంది, దాన్ని విడిగా రాసుకోండి. గడువుకు ఎనిమిది నెలల ముందు ప్రాజెక్టు పని మొదలుపెట్టండి. ఆరు నెలల ముందు భాషా పరీక్ష రాయండి. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు రెండేళ్లపాటు చెల్లుతాయి కాబట్టి ముందే రాస్తే నష్టం లేదు, తక్కువొస్తే మళ్లీ రాసే వీలుంటుంది. ట్రాన్‌స్క్రిప్టులకు వెంటనే అప్లై చేయండి. అవి మన చేతిలో లేని పని, ఆఖరి వారంలో టెన్షన్ పెట్టేవి అవే.

అసలు పని: ఒక పాత ప్రాజెక్టును లెక్కకట్టడం

మీరు ఇదివరకు చేసిన గది, ఆఫీసు, కేఫ్, ఏదైనా సరే, ఒకటి తీసుకోండి. అది బాగా వచ్చిన ప్రాజెక్టే కానక్కర్లేదు. నిజానికి లోపాలున్నదైతే మార్పు స్పష్టంగా కనిపిస్తుంది.

దానిలో ఎక్కువ విస్తీర్ణం ఆక్రమించే మూడు మెటీరియల్స్ గుర్తించండి. సాధారణంగా నేల, సీలింగు, పార్టిషన్లు. ఒక్కోదాని చదరపు మీటర్లు రాయండి. తర్వాత ఆ ఉత్పత్తికి ఈపీడీ ఉందేమో వెతకండి. ఈపీడీ అంటే తయారీదారు ప్రకటించి, మూడో పక్షం సరిచూసిన పర్యావరణ పత్రం. ఐఎస్ఓ 14025 ప్రమాణం దీనికోసమే ఉంది. అందులో ఒక చదరపు మీటరుకు ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన ఉద్గారాలు వస్తాయో ఉంటుంది. ఆ ఉద్గారాలను దశలవారీగా చూపిస్తారు: ఏ1 నుంచి ఏ3 వరకు ముడిసరుకు, రవాణా, తయారీ. ఏ4 సైటుకు చేర్చడం, ఏ5 బిగించడం, బీ వాడకం, సీ తీసి పారేయడం. ఇక్కడే చాలామంది పొరపడతారు. ఒక ఉత్పత్తికి ఏ1-ఏ3 మాత్రమే తీసుకుని, ఇంకోదానికి అన్ని దశలూ కలిపి పోలిస్తే ఆ పోలికకు అర్థం లేదు. రెండు పత్రాలూ ఆ రకం ఉత్పత్తులకు పెట్టిన ఒకే లెక్కింపు నియమాల కింద తయారయ్యాయో లేదో కూడా చూడాలి. వెతకడానికి బిల్డింగ్ ట్రాన్స్‌పరెన్సీ సంస్థ నడిపే ఈసీ3 అనే ఉచిత టూల్ పనికొస్తుంది.

తర్వాతి మెట్టు నాకు అన్నిటికన్నా ఇష్టం. ఆ మెటీరియల్ ఎన్నేళ్లు ఉంటుందో కలపండి. భవనం జీవితం 60 ఏళ్లు అనుకుందాం. పదేళ్లకోసారి మార్చాల్సిన కార్పెట్ ఆ కాలంలో మొత్తం 6 సార్లు వేయాలి. 30 ఏళ్లు నిలిచే నేల 2 సార్లు వేస్తే చాలు. రెండోదాని కార్బన్ చదరపు మీటరుకు మొదటిదానికి రెట్టింపు ఉందనుకోండి. అప్పుడు కార్పెట్‌ది 6 భాగాలు, రెండోదానిది 4 భాగాలు. కొన్నరోజు ఎక్కువ భారంగా కనిపించింది 60 ఏళ్లకు తక్కువైంది. భవనం గోడలు అలాగే ఉంటాయి, లోపలివి మాత్రం మళ్లీ మళ్లీ మారుతుంటాయి. ఇంటీరియర్ డిజైనర్ బాధ్యత ఎంత పెద్దదో ఈ చిన్న లెక్కలోనే తెలుస్తుంది. ఈ ఒక్క టేబుల్ మీ పోర్ట్‌ఫోలియోలో ఉంటే, 'ఎకో ఫ్రెండ్లీ' అన్న మాట ఇక ఎక్కడా రాయనక్కర్లేదు.

కార్బన్ ఒక్కటే చూసి ఆగకండి. అవే మూడు మెటీరియల్స్‌కు హెచ్‌పీడీ, అంటే అందులో ఏ పదార్థాలున్నాయో, వాటివల్ల ఆరోగ్యానికి ఏం హానో చెప్పే పత్రం ఉందేమో చూడండి. 2006లో వచ్చిన లివింగ్ బిల్డింగ్ చాలెంజ్‌లో 'రెడ్ లిస్ట్' అని వాడకూడని రసాయనాల జాబితా ఉంది, దానితో సరిపోల్చండి. కొన్నిసార్లు కార్బన్ తక్కువున్న ఉత్పత్తిలోనే రసాయనాల ఇబ్బంది ఉంటుంది. అప్పుడు మీరు ఏది ఎంచుకున్నారు, ఎందుకు? దాని గురించి మూడు వాక్యాలు నిజాయితీగా రాయండి. ఇంటర్వ్యూలో గంట సేపు మాట్లాడుకోదగ్గ విషయం అక్కడే దొరుకుతుంది.

వెలుతురు మీద ఆసక్తి ఉంటే సాఫ్ట్‌వేర్ లేకుండానే మొదలుపెట్టొచ్చు. కిటికీ పై అంచు నేలనుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. పగటి వెలుతురు పనికొచ్చేంతగా లోపలికి చేరేది సుమారు ఆ ఎత్తుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్ల దూరం వరకని డిజైనర్లు ఉజ్జాయింపుగా లెక్కేస్తారు. పై అంచు 2 మీటర్ల ఎత్తులో ఉంటే 3 నుంచి 4 మీటర్లు. చదువుకునే, రాసుకునే బల్ల మీద వెలుతురు 500 లక్స్ (వెలుతురును కొలిచే యూనిట్) ఉండాలన్నది ఆఫీసులకు యూరప్‌లో పాటించే ప్రమాణం. ఒక లక్స్ మీటరు తీసుకుని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గదిలో మీటరుకో చోట కొలిచి ప్లాన్ మీద రాయండి. మీరే కొలిచిన అంకెలున్న ప్లాన్, రెండర్ చేసిన పది బొమ్మల కంటే బలంగా మాట్లాడుతుంది.

చివరగా ప్రాజెక్టులో మీరు మార్చకుండా ఉంచిన వస్తువుల జాబితా ఒకటి పెట్టండి. పాత తలుపులు, సీలింగు ఫ్రేము, అల్మారాల చట్రాలు, ఏవైనా. కొత్తగా కొననిదానికి కొత్త కార్బన్ ఉండదు. దీన్ని గొప్ప డిజైన్ నిర్ణయంగా చూపడానికి మనవాళ్లు ఎందుకో మొహమాటపడతారు. మీరు పడకండి.

పోర్ట్‌ఫోలియోగా కూర్చడం

నాలుగైదు ప్రాజెక్టులు సరిపోతాయి. లెక్కకట్టినదాన్ని మొదట పెట్టండి, దానికే ఎక్కువ పేజీలివ్వండి. పేజీలు ఎన్ని, ఫైలు సైజు ఎన్ని ఎంబీలు అన్నది స్కూల్ చెప్పినట్టే పాటించండి. చాలా డిజైన్ స్కూళ్లు స్లైడ్‌రూమ్ అనే పోర్టల్ ద్వారా తీసుకుంటాయి, అక్కడ ఒక్కో బొమ్మను విడిగా ఎక్కించాల్సి రావచ్చు. కాబట్టి ప్రతి పేజీ పక్క పేజీ మీద ఆధారపడకుండా దానంతట అదే అర్థమవ్వాలి.

పూర్తయిన గది ఫొటోతో పాటు చేత్తో గీసిన స్కెచ్, తప్పుగా వెళ్లి వెనక్కి వచ్చిన ఆలోచన కూడా పెట్టండి. ఒక్క జాయింటునైనా పెద్దగా గీయండి. రెండు చెక్కలు జిగురుతో కలిశాయా, స్క్రూలతో కలిశాయా? స్క్రూలైతే రేపు విప్పొచ్చు, చెక్క మళ్లీ వాడొచ్చు. ఆ ఒక్క డ్రాయింగ్ చూస్తే మీకు విషయం ఎంతవరకు తెలుసో కమిటీకి అర్థమవుతుంది. గ్రూపులో చేసిన పని అయితే మీ వంతు ఏదో బొమ్మ కిందే రాయండి. సర్టిఫికేషన్ల లోగోలు పేజీ మూలల్లో అతికించకండి, ఆ ప్రాజెక్టుకు నిజంగా ఆ సర్టిఫికెట్ వస్తే తప్ప.

డిజైన్ చదవనివాళ్లకు ఈ దశలో భయం వేస్తుంది. మూడేళ్ల రకం కోర్సులు మీ దగ్గర ఇంటీరియర్ ప్రాజెక్టులు ఆశించవు. మీరు చేసిన బల్ల, బాగుచేసిన కుర్చీ, ఫొటోలు, బొమ్మలు, కుట్టుపని, మీరు నివసించే గది కొలతల డ్రాయింగ్, ఇవన్నీ పనికొస్తాయి. కుర్చీ బాగుచేసినప్పుడు ఏది విరిగింది, ఎందుకు విరిగింది, మళ్లీ విరగకుండా ఏం చేశారు అని వరుసగా చూపండి. మీ ఆలోచన ఎలా సాగుతుందో కమిటీకి కనిపించాలి.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్

చిన్నప్పటినుంచి రంగులంటే ఇష్టమని మొదలుపెట్టకండి. మీ ప్రశ్నతో మొదలుపెట్టండి. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడండి.

'పర్యావరణాన్ని కాపాడే అందమైన ఇంటీరియర్లు సృష్టించడం నా లక్ష్యం.'

'నేను పనిచేసిన ఆఫీసులో ఐదేళ్లకే జిప్సమ్ పార్టిషన్లన్నీ పడగొట్టారు. ఒక్క బోర్డు కూడా పగలకుండా బయటికి రాలేదు. విప్పి మళ్లీ నిలబెట్టగలిగే పార్టిషన్ మీద పనిచేయాలని అప్పుడే అనిపించింది.'

రెండోదాన్ని చదివినవాళ్లు మిమ్మల్ని కలవాలనుకుంటారు. అది మీ జీవితంలో నిజంగా జరిగినదై ఉండాలి, అంతే. ఆ తర్వాత మీరు ఇప్పటిదాకా ఆ ప్రశ్న మీద ఏం చేశారో, ఏది తెలియక ఆగిపోయారో, ఆ లోటును ఈ కోర్సులోని ఏ సబ్జెక్టు, ఏ ల్యాబ్, ఏ స్టూడియో తీరుస్తుందో రాయండి. ప్రొఫెసర్ పేరు రాస్తే వాళ్ల పని చదివి రాయండి. స్కూల్ పేరు మార్చి అదే పేరా అన్నిచోట్లా అతికిస్తే చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

రికమెండేషన్ లెటర్లు

పేరున్న మనిషి కన్నా మీ పని దగ్గరుండి చూసిన మనిషి ముఖ్యం. మిమ్మల్ని సైటులో చూసిన సీనియర్ డిజైనర్, మీ స్టూడియో టీచర్, మీతో పనిచేసిన కాంట్రాక్టరు కూడా. అయితే చాలా స్కూళ్లు ఒక్క లెటరైనా చదువు చెప్పినవాళ్లదే ఉండాలంటాయి. గడువుకు కనీసం ఆరు వారాల ముందు అడగండి. అడిగేటప్పుడు మీ ప్రశ్న, స్టేట్‌మెంట్ ముసాయిదా, వాళ్ల దగ్గర మీరు చేసిన పనిలో గుర్తుచేయాల్సిన రెండు సంఘటనలు ఒక పేజీలో రాసి ఇవ్వండి. బిజీగా ఉన్న మనిషికి అది చాలా సాయం.

సర్టిఫికేషన్ ముందే తీసుకోవాలా?

తప్పనిసరి కాదు. డిజైన్‌కు బయటినుంచి వచ్చేవాళ్లకు లీడ్ గ్రీన్ అసోసియేట్, అంటే లీడ్ అనే గ్రీన్ బిల్డింగ్ రేటింగ్ పద్ధతి మీద పరీక్ష రాసి తెచ్చుకునే అర్హత, కొంత ఉపయోగం. 100 ప్రశ్నలు, 2 గంటలు, 200కు 170 వస్తే పాస్. అనుభవమున్న డిజైనర్లకు ఆ సమయం పోర్ట్‌ఫోలియోకే పెట్టమంటాను. కానీ ఏ పద్ధతి దేన్ని కొలుస్తుందో తెలిసి ఉండాలి. 1990లో బ్రిటన్‌లో మొదలైన బ్రీయమ్, తర్వాత అమెరికాలో వచ్చిన లీడ్ భవనాన్ని అనేక కోణాల్లో చూసి పాయింట్లిస్తాయి. 2014లో వచ్చిన వెల్ స్టాండర్డ్ ప్రధానంగా లోపల ఉండే మనిషి ఆరోగ్యాన్ని చూస్తుంది. ఇంటర్వ్యూలో ఈ తేడా అడిగితే తడబడకుండా చెప్పగలగాలి.

ఇంటర్వ్యూ

అన్ని స్కూళ్లూ పిలవవు. పిలిస్తే మీ పోర్ట్‌ఫోలియోలోని ప్రతి మెటీరియల్‌కూ మూడు ప్రశ్నలు వేసుకుని సిద్ధమవ్వండి: ఎక్కడినుంచి వచ్చింది, దేనితో అతికింది, తీసేశాక ఎక్కడికి పోతుంది? నాకు మొదటిసారి దెబ్బ తగిలింది రెండోదాని దగ్గరే. అన్నిటికీ జవాబు ఉండకపోవచ్చు. 'అది నేను చూడలేదు. తయారీదారు దగ్గర హెచ్‌పీడీ ఉందేమో అడుగుతాను, లేకపోతే ఉద్గారాల పరీక్ష రిపోర్టు అడుగుతాను' అని చెబితే చాలు. ఎలా వెతకాలో తెలిసిన మనిషికి నేర్పడం సులువని వాళ్లకు తెలుసు.

చివర్లో మిమ్మల్ని ఏమైనా అడగమంటారు. మెటీరియల్ లైబ్రరీ ఉందా, అందులో పాత శాంపిళ్లను ఎప్పుడు తీసేస్తారు అని అడగండి. స్టూడియోలో చేసిన మోడళ్లు సెమిస్టర్ అయ్యాక ఏమవుతాయని అడగండి. స్కూల్ చెప్పే మాట, చేసే పని ఒకటేనా అన్నది ఆ జవాబుల్లో తెలుస్తుంది.

పంపాక

పోర్టల్‌లో లెటర్లు అందాయో లేదో వారానికోసారి చూడండి, అందకపోతే మర్యాదగా గుర్తుచేయండి. మీరు పంపిన ప్రతి ఫైలు కాపీ ఒక ఫోల్డర్లో ఉంచుకోండి, ఇంటర్వ్యూలో వాళ్లు చూస్తున్న పేజీ మీ ముందూ ఉండాలి. ఆఫర్ వస్తే తొందరపడి ఒప్పుకోకండి. అమెరికాలో చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్లు ఒక ఉమ్మడి ఒప్పందం మీద సంతకం చేశాయి. దాని ప్రకారం ఆర్థిక సాయంతో ఇచ్చిన ఆఫర్‌కు ఏప్రిల్ 15 వరకు జవాబు చెప్పాల్సిన పని లేదు. మీ స్కూల్ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకుని, ఉంటే ఆ గడువు పూర్తిగా వాడుకోండి. ఆలోగా అక్కడ చదువుతున్న ఇద్దరు విద్యార్థులతో మాట్లాడి, సబ్జెక్టుల జాబితాలో ఉన్న లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ క్లాసు ఈ ఏడాది నిజంగా నడిచిందా అని అడగండి.